ఎనిమిది రిఫైనరీల నుంచి రెండుకు: ఆస్ట్రేలియా ఇంధనం ఓడల మీదికి ఎలా చేరింది?

ఈ శతాబ్దం మొదలయ్యేనాటికి ఆస్ట్రేలియాలో ఎనిమిది పెద్ద చమురు రిఫైనరీలు నడుస్తుండేవి. దేశంలో అమ్ముడయ్యే పెట్రోలు, డీజిల్‌లో సింహభాగం వాటిలోంచే వచ్చేది. ఇప్పుడు మిగిలినవి రెండే. ఒకటి మెల్‌బోర్న్‌కు నైరుతిగా జీలాంగ్‌లో, రెండోది బ్రిస్బేన్ నది సముద్రంలో కలిసేచోట లిట్టన్‌లో. రెండూ పూర్తి సామర్థ్యంతో నడిచినా దేశ అవసరంలో సుమారు ఐదో వంతు మాత్రమే తీరుతుంది. మిగతాదంతా దక్షిణ కొరియా, సింగపూర్, మలేసియా, తైవాన్, భారత్ లాంటి దేశాల్లో తయారై ఓడల్లో వస్తుంది.

ఈ సంగతి చర్చకు వచ్చినప్పుడల్లా మూడు మాటలు ఒకేసారి వినిపిస్తాయి. రిఫైనరీలు మూతపడ్డాయి కాబట్టే పెట్రోలు ధర పెరిగిందని ఒకటి. దేశం పరాయివాళ్ల మీద ఆధారపడిపోయిందని రెండోది. ఎక్కడో యుద్ధమొస్తే ఇక్కడ లారీలు ఆగిపోతాయని మూడోది. ఈ మూడూ ఒకే సమస్యకు మూడు పేర్లన్నట్టు చెలామణీ అవుతున్నాయి. నా ఉద్దేశంలో మొదటిది దాదాపు తప్పు, రెండోది సగం నిజం, మూడోదాన్ని మాత్రం ఎంత సీరియస్‌గా తీసుకున్నా తక్కువే. వీటిని విడదీసి చూడకపోతే ప్రజల డబ్బు అవసరం లేనిచోట ఖర్చవుతుంది, అవసరమైనచోటికి చేరదు. నా టెన్షన్ అంతా దాని గురించే.

తేడా మీద బతికే వ్యాపారం

రిఫైనరీలు ఎందుకు మూతపడతాయో తెలియాలంటే వాటి ఆదాయం ఎక్కడిదో చూడాలి. ముడి చమురు ధర ఎంత ఉందన్నది రిఫైనరీకి అంత ముఖ్యం కాదు. కొన్న ముడి చమురుకీ, దాన్నుంచి తీసి అమ్మిన సరుకుకీ మధ్య ఉన్న తేడాతోనే దాని బతుకు. దీన్నే రిఫైనింగ్ మార్జిన్ అంటారు. చమురు బ్యారెల్ 40 డాలర్లున్నా, 100 డాలర్లున్నా ఈ మార్జిన్ మూడు నాలుగు డాలర్లకు పడిపోతే కర్మాగారం నష్టాల్లోకి జారుతుంది. జీతాలు, కరెంటు, ఆవిరి, ఉత్ప్రేరకాలు, నాలుగైదేళ్లకోసారి మొత్తం ఆపేసి చేసే భారీ మరమ్మతులు, అన్నీ ఆ కొద్దిపాటి తేడాలోంచే రావాలి.

ఇందులో ఇంకో చిక్కుంది. ముడి చమురును వేడిచేసి ఎత్తైన గోపురంలాంటి స్తంభంలోకి పంపితే తేలికవన్నీ పైకి, బరువైనవి కిందికి విడిపోతాయి. పైన గ్యాస్, పెట్రోలుకు పనికొచ్చే నాఫ్తా, మధ్యలో విమాన ఇంధనం, డీజిల్, అడుగున మడ్డి. ఏది ఎంత వస్తుందన్నది చాలావరకు ఆ చమురు స్వభావాన్ని బట్టి ఉంటుంది. మడ్డిని మళ్లీ విరగ్గొట్టి పెట్రోలుగానో డీజిల్‌గానో మార్చే యూనిట్లున్నాయి గానీ వాటికి పెట్టుబడి విపరీతం. అవి ఎన్ని ఉంటే రిఫైనరీ అంత చవకరకం, గంధకం ఎక్కువున్న చమురును కొనగలదు. అక్కడే అసలు లాభం.

ఆస్ట్రేలియా రిఫైనరీలు ఎక్కువభాగం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఇరవై ఏళ్లలో కట్టినవి. మెల్‌బోర్న్‌లోని ఆల్టోనా 1949లో, జీలాంగ్ 1954లో, పెర్త్ దగ్గర క్వినానా 1955లో, లిట్టన్ 1965లో మొదలయ్యాయి. ఆనాటి దేశ జనాభాకు, ఆనాటి కార్లకు సరిపోయే సైజులో కట్టారు. 1969లో దేశానికి ఆగ్నేయాన, టాస్మానియాకు మధ్య ఉన్న బాస్ జలసంధిలోని బావుల నుంచి చమురు రావడం మొదలైంది. అది తేలికరకం, గంధకం తక్కువ. తూర్పు తీరపు రిఫైనరీలకు అచ్చంగా సరిపోయింది. ముడిసరుకు పక్కనే, వినియోగదారులు పక్కనే. ఇక పెద్ద యూనిట్లు కట్టాల్సిన అవసరమేముంది?

ఆ సౌకర్యమే తర్వాత ఉచ్చు అయింది. బాస్ జలసంధి బావులు ఏటేటా తగ్గుముఖం పట్టాయి. దేశంలో మిగిలిన ఉత్పత్తి చాలావరకు వాయవ్య తీరానికి దూరంగా సముద్రంలో దొరికే తేలిక చమురు, కండెన్సేట్‌లదే (గ్యాస్‌తో పాటు వచ్చే అతి తేలిక చమురును కండెన్సేట్ అంటారు). అక్కడి నుంచి సిడ్నీకి, బ్రిస్బేన్‌కు చమురు పైపులైను లేదు. ఓడలో పంపాలంటే సింగపూర్ దగ్గర, సిడ్నీ దూరం. అందుకే ఆస్ట్రేలియా తన ముడి చమురులో ఎక్కువ భాగాన్ని ఆసియాకు ఎగుమతి చేస్తూ, తన రిఫైనరీల కోసం ముడి చమురును దిగుమతి చేసుకునే పరిస్థితి వచ్చింది. పైకి వింతగా కనిపించినా ఎవరికి వాళ్లు లెక్క వేసుకుంటే అదే లాభసాటి.

ఈలోగా ఆసియాలో రిఫైనరీల రూపమే మారిపోయింది. దక్షిణ కొరియాలోని ఉల్సాన్ రిఫైనరీ సామర్థ్యం రోజుకు 8 లక్షల బ్యారెళ్లకు పైనే. గుజరాత్‌లోని జామ్‌నగర్ సముదాయం 12 లక్షల బ్యారెళ్లు దాటింది. జీలాంగ్ సామర్థ్యం 1.2 లక్షలు, లిట్టన్‌ది ఇంకాస్త తక్కువ. ఆస్ట్రేలియా మొత్తం రోజుకు వాడుకునేది సుమారు పది లక్షల బ్యారెళ్లు. అంటే జామ్‌నగర్ ఒక్కటే ఈ ఖండం అవసరమంతా తీర్చి ఇంకా మిగల్చగలదు. పైగా అది బరువైన, చవకరకం చమురును కొని మంచి డీజిల్ తీయగలదు. అలాంటి పోటీ ముందు యాభై ఏళ్లనాటి చిన్న రిఫైనరీ నిలబడటం కష్టం. ఆస్ట్రేలియా కార్మికుల జీతాలు ఎక్కువన్నది కూడా ఒక కారణమే గానీ దాన్ని అవసరానికి మించి ముందుకు తోస్తుంటారు. సైజు, యూనిట్లు, చమురు రకం, ఇవే ప్రధానం.

మూత వరుసగా పడింది. అడిలైడ్ దగ్గర పోర్ట్ స్టాన్‌వాక్ 2003లో ఆగింది. సిడ్నీలో క్లైడ్ 2012లో, కర్నెల్ 2014లో, బ్రిస్బేన్‌లో బల్వర్ ఐలాండ్ 2015లో. కొవిడ్ రోజుల్లో విమానాలు ఆగి, రోడ్లు ఖాళీ అయ్యాక క్వినానాను మూసేస్తున్నట్టు 2020 అక్టోబరులో, ఆల్టోనాను మూసేస్తున్నట్టు 2021 ఫిబ్రవరిలో ప్రకటించారు. క్వినానా దేశంలోకెల్లా పెద్దది, రోజుకు 1.46 లక్షల బ్యారెళ్లు. చాలాచోట్ల ట్యాంకులు, జెట్టీ మాత్రం ఉంచి దిగుమతి టెర్మినల్‌గా మార్చేశారు. కంపెనీ వైపు నుంచి చూస్తే అదే తేలిక: నష్టమొచ్చే భాగం పోయింది, అమ్మకాలు ఆగలేదు.

ధర సంగతి

పెట్రోలు ధర చుట్టూ అపోహలు ఎక్కువ. రిఫైనరీ మన ఊళ్లో ఉంటే పెట్రోలు చవక అవుతుందనుకోవడం సహజం. ఆస్ట్రేలియాలో ఎప్పుడూ అలా జరగలేదు. ఎనిమిది రిఫైనరీలు నడిచిన రోజుల్లోనూ టోకు ధరను సింగపూర్ మార్కెట్ ధరను బట్టే కట్టేవాళ్లు. సింగపూర్‌లో శుద్ధిచేసిన పెట్రోలు ధర, దానికి ఓడ కిరాయి, బీమా, రేవు ఖర్చులు కలిపితే ఎంతవుతుందో అదే స్థానిక ధర. దిగుమతి చేసుకుంటే ఎంత పడుతుందో ఆ ధరకే స్థానికంగా తయారైన సరుకూ అమ్ముడవుతుంది. అంతకన్నా ఎక్కువ అడిగితే కొనేవాడు దిగుమతి చేసుకుంటాడు. తక్కువకు ఇవ్వాల్సిన అవసరం రిఫైనరీకి లేదు.

కాబట్టి రిఫైనరీలు మూతపడటం వల్ల బంకులో ధర పెద్దగా మారలేదు. ధర పెరిగినప్పుడల్లా కారణాలు వేరే: ముడి చమురు ధర, అమెరికన్ డాలరుతో మారకం రేటు, పన్నులు, ఆసియా మార్జిన్లు. అదే లెక్క తిరగేస్తే, రేపు ప్రభుత్వం మూడో రిఫైనరీ కట్టించినా ధర తగ్గదు. రిఫైనరీలు కావాలని అడిగేవాళ్లు ధర పేరుతో అడగకూడదు. అడగడానికి మంచి కారణం వేరే ఉంది.

ఆ కారణం 2022లో కనిపించింది. ఉక్రెయిన్‌పై రష్యా దండయాత్ర తర్వాత ప్రపంచంలో డీజిల్‌కు కటకట ఏర్పడి, రిఫైనింగ్ మార్జిన్లు ఎన్నడూ లేనంత ఎత్తుకు పోయాయి. జీలాంగ్, లిట్టన్ బాగా లాభపడ్డాయి. మూతపడ్డ క్వినానా, ఆల్టోనాలు అప్పటికి నడుస్తుంటే వాటి లెక్కలూ మారేవి. న్యూజిలాండ్‌కు ఉన్న ఒకే ఒక్క రిఫైనరీ మార్స్‌డెన్ పాయింట్ సరిగ్గా ఆ సంవత్సరమే, 2022 మార్చి చివర్లో, ఆ మార్జిన్లు శిఖరానికి చేరడానికి కొద్ది వారాల ముందు ఆగిపోయింది. మార్జిన్ అట్టడుగున ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాలివి. రిఫైనరీని రెండేళ్లు తాళం వేసి, బాగున్నప్పుడు మళ్లీ తెరవడం కుదరదు. పైపులు తుప్పుపడతాయి, అనుభవమున్న ఆపరేటర్లు వేరే ఉద్యోగాలకు వెళ్లిపోతారు, అనుమతులు గడువు తీరతాయి. మార్కెట్ రెండేళ్ల చూపుతో మూసిన తలుపు ఇరవై ఏళ్లకు మూసినట్టే.

ఆధారపడటంలో రెండు రకాలు

ఇప్పుడు ఆ సగం నిజం సంగతి. రిఫైనరీలు ఉన్నప్పుడూ ఆస్ట్రేలియా దిగుమతుల మీదే ఆధారపడింది. అప్పుడు ముడి చమురు, ఇప్పుడు తయారైన ఇంధనం. ఇవాళ్టికీ జీలాంగ్, లిట్టన్‌లు శుద్ధిచేసే చమురులో ఎక్కువభాగం ఓడల్లో వచ్చిందే. అందువల్ల దిగుమతులు వద్దనుకుంటే రిఫైనరీ ఉన్నంత మాత్రాన సరిపోదు.

అయినా ఆ రెండు దిగుమతులూ ఒకటి కావు. ముడి చమురును పశ్చిమాఫ్రికా నుంచి, అమెరికా నుంచి, ఆగ్నేయాసియా నుంచి, ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు. గత్యంతరం లేకపోతే సొంత బావుల చమురునూ కొంత వాడుకోవచ్చు. తయారైన డీజిల్ కోసం మాత్రం గుప్పెడు దేశాల వైపే చూడాలి. పైగా ఆ గుప్పెడులో చాలావరకు తూర్పు, ఆగ్నేయాసియావి, అవి ఎక్కువగా పశ్చిమాసియా చమురును పర్షియన్ గల్ఫ్ ముఖద్వారమైన హోర్ముజ్ జలసంధి గుండా తెచ్చుకునేవి. ఐదు దేశాల నుంచి కొంటున్నాం కాబట్టి ఒకటి ఆగినా నాలుగు ఉన్నాయన్న ధైర్యం కొంతవరకే పనికొస్తుంది. ఒక రిఫైనరీలో అగ్నిప్రమాదం జరిగితే ఆ ధైర్యం నిజమే. హోర్ముజ్‌కే ఆటంకం వస్తే ఐదూ ఒకేసారి కొరతలో పడతాయి.

కొరత వచ్చినప్పుడు ఏ దేశమైనా ముందు తన బంకులే చూసుకుంటుంది. 2022 జులై 1న భారత ప్రభుత్వం డీజిల్ ఎగుమతిపై లీటరుకు 13 రూపాయలు, పెట్రోలుపై 6 రూపాయలు పన్ను వేసింది. ఎగుమతి చేసే కంపెనీలు కొంత సరుకును దేశంలోనే అమ్మాలని షరతు పెట్టింది. తన ప్రజల కోణంలో ఆ నిర్ణయం సబబే. కొనేవాడి కోణంలో చూస్తే మాత్రం, ఒప్పందం ఉన్నా సరుకు రాకపోవచ్చని అది తేల్చి చెప్పింది. చైనా కూడా శుద్ధిచేసిన ఇంధన ఎగుమతులను కోటాలతో తన అవసరం కొద్దీ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది.

ఇంధనం కాకపోయినా ఇదే పాఠం ఆస్ట్రేలియాకు 2021 చివర్లో యాడ్‌బ్లూ రూపంలో ఎదురైంది. కొత్తతరం డీజిల్ లారీలు పొగలోని విషవాయువులను తగ్గించడానికి యూరియాతో చేసిన ఈ ద్రావణం వాడతాయి. అది లేకపోతే లారీ సరిగా కదలదు. చైనా యూరియా ఎగుమతులను బిగించగానే లారీ యజమానులు కంగారుపడ్డారు. బ్రిస్బేన్‌లోని గిబ్సన్ ఐలాండ్ ఎరువుల కర్మాగారం ఉత్పత్తి పెంచి గండం గట్టెక్కించింది. చవకగా గ్యాస్ దొరకక ఆ కర్మాగారమే 2022 చివర్లో ఉత్పత్తి ఆపేసింది. గండం గడిచాక, గట్టెక్కించిన కర్మాగారాన్నే వదిలేసుకోవడం నాకు మింగుడుపడలేదు.

ఇంట్లో రిఫైనరీ ఉంటే చాలు, భయం లేదనుకోవడమూ పొరపాటే. మార్స్‌డెన్ పాయింట్ నుంచి ఆక్లాండ్‌కు పోయే ఒకే ఒక్క పైపులైను 2017 సెప్టెంబరులో పగిలింది. అంతకు మూడేళ్ల ముందు తవ్వకపు యంత్రం తగిలి పడిన దెబ్బ అది. రిఫైనరీ బాగానే నడుస్తోంది, ఇంధనం ఉంది, ఆక్లాండ్ విమానాశ్రయంలో మాత్రం విమానాలు రద్దయ్యాయి. గొలుసులో ఎక్కడ ఒక్క కడియమే ఉందో అక్కడే తెగుతుంది.

బ్రిటన్ పరిస్థితి చూడండి. ఉత్తర సముద్రపు చమురు పైపులైను పక్కనే ఉన్న గ్రేంజ్‌మౌత్ రిఫైనరీ స్కాట్లాండ్‌కు ఏకైక రిఫైనరీ. 1924 నుంచి నడిచింది. 2025 ఏప్రిల్‌లో శుద్ధి ఆపేసి దిగుమతి టెర్మినల్ అయింది. రెండు నెలలకే ఇంగ్లండ్‌లోని లిండ్సీ రిఫైనరీ యజమాని కంపెనీ దివాలా తీసింది. సొంత చమురు ఉండటం, సొంత రిఫైనరీ ఉండటం వేర్వేరు విషయాలని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

లెక్క రోజుల్లో వేయాలి

1973 చమురు సంక్షోభం తర్వాత 1974లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఏర్పడింది. సభ్యదేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన నిల్వలు ఉంచుకోవాలన్నది దాని నియమం. జపాన్, దక్షిణ కొరియాలు ప్రభుత్వ ఖర్చుతో భారీ నిల్వలు పెట్టుకున్నాయి. ఆస్ట్రేలియా ఒకప్పుడు సొంత ఉత్పత్తి బాగా ఉన్న దేశం కావడంతో ఈ బాధ్యతను ఎప్పుడూ సీరియస్‌గా తీసుకోలేదు. ఉత్పత్తి తగ్గి, దిగుమతి పెరిగాక 2012 నుంచి ఆ నియమానికి దిగువనే ఉంటోంది. మాజీ వైమానిక దళ ఉన్నతాధికారి జాన్ బ్లాక్‌బర్న్ 2013లోనే ఎన్‌ఆర్‌ఎంఏ అనే వాహనదారుల సంఘం కోసం రాసిన నివేదికలో ఈ బలహీనతను ఎత్తిచూపారు. అప్పట్లో మార్కెట్టే చూసుకుంటుందన్నది ప్రభుత్వ వైఖరి.

2020లో ముడి చమురు ధర కుప్పకూలినప్పుడు ప్రభుత్వం 9.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లతో చమురు కొంది. దాచింది ఎక్కడ? అమెరికా వ్యూహాత్మక నిల్వల గుహల్లో. సొంత దేశంలో సరిపడా ట్యాంకుల్లేవు మరి. కాగితం మీద అది నిల్వ కిందికే వచ్చింది. నిజంగా కొరత వచ్చి ఉంటే పసిఫిక్ దాటి రావాల్సి వచ్చేది, వచ్చాక శుద్ధిచేయడానికి రిఫైనరీ కావాల్సి వచ్చేది. అందుకే దాన్ని నేను భద్రతగా లెక్కపెట్టను.

2021 తర్వాతి అడుగులు ఇంతకంటే మేలు. మిగిలిన రెండు రిఫైనరీలకు ఇంధన భద్రత చెల్లింపులు మొదలయ్యాయి. మొదట పెట్టిన లెక్క ప్రకారం మార్జిన్ బ్యారెల్‌కు 10.20 ఆస్ట్రేలియన్ డాలర్ల కంటే ఎక్కువుంటే ఏమీ ఇవ్వరు. 7.30కి పడిపోతే లీటరుకు గరిష్ఠంగా 1.8 సెంట్లు ఇస్తారు. అంటే కష్టకాలంలోనే సాయం, 2022లాంటి లాభాల కాలంలో సున్నా. ఇలాంటి సబ్సిడీని సమర్థించడానికి నాకు ఇబ్బంది లేదు. పెట్రోలులో గంధకాన్ని తగ్గించే కొత్త ప్రమాణాలకు తగ్గట్టు యూనిట్లు మార్చుకోవడానికి కూడా డబ్బిచ్చారు. 2023 జులై నుంచి పెద్ద దిగుమతిదారులు, రిఫైనరీలు పెట్రోలు, డీజిల్, విమాన ఇంధనం కనీస నిల్వలు తప్పనిసరిగా ఉంచాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. డీజిల్ ట్యాంకులు కట్టేవాళ్లకు 20 కోట్ల డాలర్ల గ్రాంట్లు ప్రకటించారు.

వీటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ట్యాంకుల పని. ఎందుకంటే ఈ దేశం డీజిల్ మీద నడుస్తుంది. గనులు, పొలాలు, లారీలు, సరుకు రవాణా రైళ్లు, మారుమూల ఊళ్ల కరెంటు జనరేటర్లు, అన్నీ డీజిల్‌వే. పెట్రోలు అయిపోతే కార్లు ఇళ్ల ముందు ఆగుతాయి, జనం ఇబ్బంది పడతారు. డీజిల్ అయిపోతే కొద్ది రోజుల్లోనే సూపర్‌మార్కెట్ అరలు ఖాళీ అవుతాయి, మందులు చేరవు, కోతలు ఆగుతాయి. ఎలక్ట్రిక్ కార్లు పెరిగేకొద్దీ పెట్రోలు వాడకం తగ్గుతుంది. డీజిల్ అంత త్వరగా తగ్గదు. రిఫైనరీ డీజిల్ ఒక్కటే చేయలేదు, పెట్రోలు కూడా చేసి తీరాలి. ఆ పెట్రోలుకు గిరాకీ పడిపోయినప్పుడు జీలాంగ్, లిట్టన్‌ల మీద ఇంకో ఒత్తిడి పడుతుంది. ఎలక్ట్రిక్ వాహనాలు వస్తే ఈ సమస్యే ఉండదనేవాళ్లు ఈ మధ్యకాలాన్ని మర్చిపోతున్నారు.

రెండు రిఫైనరీలూ నడుపుతామని ఇచ్చిన హామీ 2027 మధ్య వరకు. దాన్ని 2030 వరకు పొడిగించే వీలుంది. ఆ చర్చల్లో రిఫైనరీలు ఉండాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నే అడిగితే సరిపోదు. క్వినానా పోయాక పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రంలో రిఫైనరీ అనేదే లేదు. జీలాంగ్‌లో తయారైన డీజిల్ ఖండం దాటి పిల్‌బరా ఇనుప గనులకు చేరాలన్నా ఓడే ఎక్కాలి. జాతీయ సగటుగా చెప్పే నిల్వ రోజుల సంఖ్య పిల్‌బరాలోని రేవు పట్టణం పోర్ట్ హెడ్‌లాండ్‌లో లారీ నడిపేవాడికి ఏమీ చెప్పదు. ఏ రాష్ట్రంలో, ఏ ఇంధనం, ఏ ట్యాంకుల్లో ఎన్ని రోజులకు సరిపడా ఉండాలో విడివిడిగా తేల్చి, ఆ ట్యాంకులు నింపే ఖర్చు ఎవరు భరిస్తారో రాసుకోవాలి. సబ్సిడీ గడువు పొడిగించే కాగితంలోనే ఆ షరతులూ ఉండాలి.